ఒక్క గోల్ కూడా కొట్టని డిఫెండర్‌ని కెప్టెన్ ఎందుకు చేస్తారు?

అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టుకు 219 మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టని బెకీ సావర్‌బ్రన్‌కి కెప్టెన్సీ ఎలా ఇచ్చారని అడిగారు. లెక్క కరెక్టే, గోల్స్ సున్నాయే. ఇంకో సంగతి కూడా కలుపుకోండి. 2016 జనవరిలో ఆమెతో పాటు కెప్టెన్ అయిన కార్లీ లాయిడ్ అంతకు ఆరు నెలల ముందే ప్రపంచకప్ ఫైనల్లో మొదటి 16 నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టిన మనిషి. అంటే ఆ జట్టుకి రెండు రకాల నాయకత్వమూ కావాల్సి వచ్చింది.

కాలేజీలో ఉన్నన్నాళ్లూ నేను బెకీలాగే సెంటర్ బ్యాక్‌గానే, అంటే గోల్‌కి ముందు డిఫెన్స్ మధ్యలోనే ఆడాను. అక్కడ నిలబడితే, గోల్‌కీపర్‌ని పక్కన పెడితే, ఆట మొత్తం ఎదురుగా కనిపించేది మనకే. మిడ్‌ఫీల్డర్‌కి తన వీపు వెనక ఎవరు వస్తున్నారో తెలీదు, మనం అరిచి చెప్పాలి. "వెనకాల మనిషి", "లైన్ పైకి", "టైముంది, తిరుగు"... మ్యాచ్ అయ్యేసరికి కాళ్ల కంటే ముందు నా గొంతు పోయేది. నాకు పెద్దగా వేగం లేదు. బెకీకి కూడా అది గొప్ప బలమేమీ కాదు, అందుకే ఆమె ఆట నాకు నచ్చింది. పాస్ బయల్దేరకముందే అది ఎటు వెళ్తుందో చూసుకుని అక్కడ ఉంటుంది. టీవీలో ఇదేమీ ఆకట్టుకోదు, నిజమే.

ఆమెకి ఏదీ తొందరగా రాలేదు. 2008లో కెనడాతో ఆడిన తొలి మ్యాచ్‌లోనే ముక్కు విరిగింది. 2011 ప్రపంచకప్‌లో సహచర డిఫెండర్ రేచల్ బ్యూలర్‌కి రెడ్ కార్డ్ పడటంతో ఫ్రాన్స్‌తో సెమీఫైనల్లో ఆడే అవకాశం దొరికింది. 2015 ప్రపంచకప్‌కి వచ్చేసరికి ప్రతి మ్యాచ్‌లో ప్రతి నిమిషమూ ఆమె మైదానంలోనే ఉంది. ఏడు మ్యాచ్‌ల్లో అమెరికా ప్రత్యర్థులకి ఇచ్చింది మూడు గోల్సే, మధ్యలో వరసగా ఐదు మ్యాచ్‌ల్లో ఒక్కటీ లేదు. ఆమె పక్కన ఆడిన జూలీ జాన్‌స్టన్‌కి అప్పుడు 23 ఏళ్లు. సెమీస్‌లో జర్మనీకి పెనాల్టీ ఇచ్చింది (వాళ్లు బయటికి కొట్టారు, అదృష్టం), ఫైనల్లో సెల్ఫ్ గోల్ కూడా వేసుకుంది. అయినా డిఫెన్స్ చెదరలేదు. పక్కన ఇంత నిమ్మళంగా ఆడే మనిషి లేకపోతే ఆ రెండు రోజులూ అలా గడిచేవి కావని నా నమ్మకం.

మైదానం బయటి పని ఇంకా పెద్దది. 2016లో జీతాల వివక్షపై ఫిర్యాదు చేసిన ఐదుగురిలో బెకీ ఒకరు. తర్వాత ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షురాలైంది. 2022లో ఆ గొడవ 2.4 కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిసింది. పురుషుల జట్టుతో సమాన వేతనం ఒప్పందంలోకి ఎక్కింది. అదే ఏడాది అక్టోబర్లో అమెరికా మహిళల లీగ్‌లో ఆటగాళ్లపై వేధింపుల నివేదిక బయటికొచ్చినప్పుడు, కాపాడాల్సిన చోట విఫలమైన యజమానులూ అధికారులూ అందరూ తప్పుకోవాలంది. తను ఆడుతున్న పోర్ట్‌లాండ్ క్లబ్ యజమానిని కూడా మినహాయించలేదు. జీతమిచ్చే చోటు గురించి అలా మాట్లాడటం నాకైతే ఏ గోల్ కంటే కష్టం అనిపిస్తుంది.

మా కాలేజీలో అబ్బాయిల ప్రాక్టీస్ అయ్యి, చీకటి పడే వేళకి గానీ మాకు గ్రౌండ్ దొరికేది కాదు. అడగడానికి ఆఫీసుకి వెళ్లింది మా స్ట్రైకర్ కాదు, లెఫ్ట్ బ్యాక్ ఆడే అమ్మాయి. వారంలో రెండు రోజులు సాయంత్రం ముందు స్లాట్ తెచ్చింది. మరుసటి ఏడాది కెప్టెన్ ఎవరన్న చర్చే రాలేదు.

పాదం గాయంతో బెకీకి 2023 ప్రపంచకప్ పోయింది, 2024 డిసెంబర్లో ఆమె రిటైరైంది. మీకు వీలుంటే 2015 జర్మనీ సెమీఫైనల్ మ్యాచ్ వెతికి, ఒక పావుగంట బంతిని వదిలేసి నాలుగో నంబర్ జెర్సీనే చూడండి. హైలైట్స్ వద్దు, వాటిలో ఆమె కనిపించదు.