వైరస్ వాడుకునే మన ప్రోటీన్‌ను మందుతో ఆపేస్తే సరిపోదా?

వైరస్ కణంలోకి రావాలంటే మన ప్రోటీన్‌నే పట్టుకోవాలి కదా, దాన్నే ఆపేస్తే పోలేదా అని అడిగారు. కొన్నిచోట్ల కుదురుతుంది. ఆ ప్రోటీన్ లేకుండా మన ఒంట్లో పని నడుస్తుందా అన్నదే ముందు చూడాలి. నాకిది మా బాపు వల్ల బాగా అర్థమైంది.

2020 లాక్‌డౌన్‌లో మేం హన్మకొండలో ఉన్నాం. బాపుకు చాలా ఏళ్లుగా బీపీ, రోజూ ఒక టెల్మిసార్టాన్ గోలీ. ఓ పొద్దున తల పగిలిపోతోందని పడుకుంటే, వీధి చివరి ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి చూశాడు. 180/110. గోలీల షీటు తీస్తే పది రోజులుగా ఒక్కటీ వేసుకోలేదు. "అది ఏసుకుంటే కరోనా జల్ది అంటుకుంటదట బిడ్డా, ఫోన్ల వచ్చింది" అన్నాడు. మైక్రోబయాలజీ చదివిన నేను పక్క గదిలోనే ఉన్నాను. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ మెసేజ్ గాల్లోంచి పుట్టింది కాదు. కరోనా వైరస్ పట్టుకునేది ఏసీఈ2 అనే ప్రోటీన్‌ను. ఈ రకం బీపీ మందులు జంతువుల్లో దాన్ని పెంచినట్టు కొన్ని ప్రయోగాల్లో కనిపించింది. అందుకే కొందరు డాక్టర్లే అప్పట్లో అనుమానం లేవనెత్తారు. కానీ ఏసీఈ2 వైరస్ కోసం ఉన్నది కాదు. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ను కత్తిరించి, వాటిని వదులు చేసే పదార్థంగా మార్చడం దాని పని. అంటే బీపీని అదుపులో ఉంచేవాటిలో అదీ ఒకటి. తర్వాత బ్రెజిల్‌లో, కరోనాతో ఆసుపత్రిలో చేరిన 659 మందిలో సగం మందికి ఈ మందులు ఆపి, మిగతావాళ్లకు కొనసాగించి చూశారు. ఆపినందువల్ల లాభమేమీ కనబడలేదు.

ఇక ఆపడం కుదిరిన చోటు హెచ్‌ఐవీ. అది మన రోగనిరోధక కణాల మీదుండే సీడీ4 అనే ప్రోటీన్‌తో పాటు చాలాసార్లు సీసీఆర్5 అనే ఇంకో ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. పుట్టుకతోనే సీసీఆర్5 పనిచేయనివాళ్లు ఉత్తర యూరప్ మూలాలవాళ్లలో నూటికి ఒక్కరు దాకా ఉంటారు, మామూలుగానే బతుకుతారు. అందుకే దాన్ని అడ్డుకునే మారావిరాక్ మందు 2007లో వచ్చింది. అయితే సీసీఆర్5 పనిచేయనివాళ్లకు, దోమల వల్ల వచ్చే వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు ఎక్కువగా బయటపడుతుందని తేలింది, కాబట్టి అదీ పనికిరాని ప్రోటీన్ కాదు. పైగా కొన్ని హెచ్‌ఐవీలు సీసీఆర్5కు బదులు సీఎక్స్‌సీఆర్4 అనే వేరే ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి వస్తాయి. వాటి మీద ఈ మందు పనిచేయదు. అందుకే రోగిలో ఉన్నది ఏ రకమో పరీక్ష చేశాకే రాస్తారు.

ఇలాంటిదే ఇంకోటి, కాలేయానికి సోకే హెపటైటిస్-డి వైరస్‌కు వాడే మందు బులెవిర్టైడ్. కాలేయంలో పిత్త ఆమ్లాలను మోసే ప్రోటీన్‌ను పట్టుకునే ఆ వైరస్ కణంలోకి వస్తుంది, ఈ మందు ఆ ప్రోటీన్‌ను ఆపుతుంది. వేసుకున్నవాళ్ల రక్తంలో ఆ ఆమ్లాలు పెరుగుతాయి, అయినా చాలామంది తట్టుకుంటారు.

మీ ఇంట్లో బీపీ గోలీలు వేసుకునేవాళ్లుంటే, ఏ మెసేజ్ వచ్చినా డాక్టరును అడగకుండా ఆపనివ్వకండి. బాపు ఆ రోజు సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టాడు. బీపీ దిగడానికి వారం పైనే పట్టింది.