ప్రశ్నలు – జవాబులు: ఇంటి సామాను కొనేముందు

పెట్టిన డబ్బుకు తగినంత కాలం పనిచేసే వస్తువును దుకాణంలో నిలబడి గుర్తుపట్టడం ఎలాగన్నదే ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా వాషింగ్ మిషన్ ఐదేళ్లకే పెద్దగా శబ్దం చేయడం మొదలుపెట్టింది. బేరింగు పోయిందనీ, డ్రమ్ము మొత్తం మార్చాలనీ, దానికి పెట్టే డబ్బుతో కొత్తది కొనుక్కోవడమే మేలనీ మెకానిక్ అన్నారు. చిన్న బేరింగు కోసం మిషన్ మొత్తాన్ని వదులుకోవలసిందేనా? ఈసారి కొనేటప్పుడు ఏం చూడాలి?

జవాబు: మెకానిక్ చెప్పింది నిజమే అయి ఉండవచ్చు. బట్టలు తిరిగే స్టీలు డ్రమ్ము చుట్టూ, నీరు నిలిచే ప్లాస్టిక్ టబ్బు ఒకటి ఉంటుంది. ముందు తలుపు ఉండే మిషన్లలో డ్రమ్ము ఇరుసు ఆ టబ్బు వెనుక గోడలో అమర్చిన బేరింగుల మీద తిరుగుతుంది. వాటిలోకి నీరు చేరకుండా ఒక రబ్బరు సీలు అడ్డుగా ఉంటుంది. ఆ సీలు అరిగినప్పుడు సబ్బునీరు కొద్దికొద్దిగా లోపలికి దిగి, గ్రీజును కడిగేసి, బేరింగుకు తుప్పు పట్టిస్తుంది. మిషన్ బట్టలు పిండుతున్నప్పుడు మీకు వినిపించే గరగర శబ్దం చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. సీలు గానీ బేరింగు గానీ పెద్ద ఖరీదైనవి కావు. చిక్కంతా టబ్బు తయారీలో ఉంది. రెండు సగాలను బోల్టులతో బిగించిన టబ్బయితే విప్పి బేరింగు మార్చవచ్చు. రెండు సగాలనూ కరిగించి అతికించేసిన టబ్బయితే విప్పే దారి లేదు కనుక, టబ్బును డ్రమ్ముతో సహా మార్చవలసివస్తుంది.

కాబట్టి కొత్తది కొనేముందు ఆ మోడల్‌లో టబ్బు విప్పడానికి వీలైనదా, అతికించినదా అని తప్పక అడగండి. ఈ సంగతి అమ్మేవారికంటే బాగుచేసేవారికే బాగా తెలుస్తుంది. కొనడానికి ముందు ఒక మెకానిక్‌తో పది నిమిషాలు మాట్లాడటం ఎన్ని ప్రకటనలు చదివినదానికన్నా మేలు. విడిభాగాలు ఎన్నేళ్లపాటు దొరుకుతాయన్నది రెండవ ప్రశ్న. ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి నుంచి అమలవుతున్న నియమాల ప్రకారం, ఒక మోడల్ వాషింగ్ మిషన్‌ను మార్కెట్‌లోకి పంపడం ఆపేసిన తరువాత కూడా కనీసం 10 ఏళ్లపాటు దాని ముఖ్యమైన విడిభాగాలను తయారీదారులు అందుబాటులో ఉంచాలి. అదే ఏడాది ఫ్రాన్సు, కొన్ని రకాల పరికరాలకు, వాటిని బాగుచేసుకోవడం ఎంత సులువో తెలిపే మార్కును పదికి ఇన్ని అని అమ్మకం దగ్గరే చూపించడం తప్పనిసరి చేసింది. మీరున్న చోట అలాంటి నియమం లేకపోయినా, ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు ఉంది.

మిక్సీ విషయంలోనూ ఇదే పరీక్ష పనికివస్తుంది. అందులో సాధారణంగా వాడే మోటారుకు విద్యుత్తును అందించే కార్బన్ బ్రష్షులు అరిగిపోవడం సహజం. జారుకూ మోటారుకూ మధ్య ఉండే రబ్బరు లేదా ప్లాస్టిక్ కప్లరు, బ్లేడు బిగుసుకుపోయినప్పుడు మోటారు కాలకుండా, తానే ముందు విరిగేలా ఉంటుంది. ఈ రెండూ విడిగా దొరికి, అడుగున ఉన్న స్క్రూలు మామూలు స్క్రూడ్రైవరుకు లొంగేవైతే, ఆ మిక్సీ చాలా ఏళ్లు పనిచేస్తుంది. వాట్లు ఎక్కువగా ఉండటం ఒక్కటే మన్నికకు గుర్తు కాదు.

ప్రశ్న: స్టెయిన్‌లెస్ స్టీలు సామాను కొనేటప్పుడు అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని అంటారు. ఈ పరీక్షను నమ్మవచ్చా?

జవాబు: సగమే నమ్మవచ్చు. స్టీలులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉన్నప్పుడు, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనిపించనంత పలుచని పొరగా ఏర్పడి, లోపలి ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ తనంతట తానే ఏర్పడుతుంది. వంటసామానులో మేలురకంగా పేరున్న 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అది సాధారణంగా అయస్కాంతానికి అంటుకోదు. అయితే నికెల్‌ను తగ్గించి మాంగనీసును పెంచిన 201 రకం కూడా అంటుకోదు, కానీ ఉప్పు తగిలే చోట దానికి 304 కంటే త్వరగా మచ్చలు పడతాయి. అంటే అయస్కాంతం ఈ రెండింటి మధ్య తేడాను చెప్పలేదు. మరోవైపు, దాదాపు నికెల్ లేని 430 రకం అయస్కాంతానికి అంటుకుంటుంది. అంతమాత్రాన అది నాసిరకం కాదు, ఇండక్షన్ స్టవ్వు మీద వాడే గిన్నెల అడుగుకు అలాంటి స్టీలే కావాలి.

గిన్నె మీద రకం సంఖ్య ముద్రించి ఉందేమో చూడండి. ఆ తరువాత అడుగు చూడండి. స్టీలు వేడిని సరిగా పంచలేదు, అల్యూమినియం అంతకు పది రెట్లకు మించి పంచుతుంది. అందుకే స్టీలు పొరల మధ్య అల్యూమినియం పొరను అమర్చిన గిన్నె మాడదు సరికదా, వంకర పోకుండా ఎక్కువ కాలం నిలుస్తుంది. పిడులు రివెట్లతో గట్టిగా బిగించి ఉన్నాయో లేదో చేత్తో కదిపి చూడండి. మిగతా గిన్నె ఎంత బాగున్నా, ఊగే పిడి ఉన్నదాన్ని వదిలేయడమే మంచిది.

ప్రశ్న: నాన్‌స్టిక్ పెనాలు తరచూ మార్చవలసివస్తోంది. ఈసారి బాగా ఖరీదైనది కొంటే ఎక్కువ కాలం వస్తుందా?

జవాబు: ఖరీదు పెరిగేకొద్దీ పెనం మందం, పిడి, అడుగు మెరుగవుతాయి. పూత మాత్రం ఎంత పెట్టి కొన్నా అరిగేదే. ఆ పూతలో ఉండే పీటీఎఫ్‌ఈ అనే పదార్థం సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే చెడిపోవడం మొదలవుతుంది. పెద్ద మంట మీద ఖాళీ పెనం కొద్ది నిమిషాల్లోనే ఆ వేడిని అందుకోగలదు. కాబట్టి నాన్‌స్టిక్ కావాలంటే మధ్యరకం ధరలో కొని, చిన్న మంట మీద, చెక్క గరిటెతో వాడుకోండి. ఎక్కువ డబ్బు పెట్టదలచుకుంటే దాన్ని పోత ఇనుము పెనం మీద పెట్టండి. దాని మీద నూనె రాసి వేడిచేసినకొద్దీ ఆ నూనె గట్టిపడి నల్లని పొరగా మారుతుంది, పొర పోతే ఇంట్లోనే మళ్లీ వేసుకోవచ్చు. బరువు మోయలేనివారికి రేకు ఇనుము పెనం చాలు. పోత ఇనుము మీద ఒక్క జాగ్రత్త తప్పనిసరి: కాలుతున్న పెనం మీద చన్నీళ్లు పోయకూడదు, పగిలిపోతుంది.

ప్రశ్న: పాత వస్తువులు తరాల తరబడి పనిచేసేవి. ఇప్పటివి కావాలనే త్వరగా పాడయ్యేలా చేస్తున్నారా?

జవాబు: అలా జరిగిన సందర్భం చరిత్రలో ఉంది. 1924లో ప్రధాన బల్బుల కంపెనీలు కొన్ని ఫీబస్ అనే పేరుతో జట్టుకట్టి, బల్బు ఆయుష్షును 1000 గంటలకు కుదించాయి. అంతకుమించి వెలిగే బల్బులు తయారుచేసిన సభ్యులకు జరిమానాలు కూడా వేశాయి. దీనికి మరో పార్శ్వం ఉంది. తీగ బల్బు ఎంత ప్రకాశంగా వెలిగితే అంత త్వరగా పోతుంది. అమెరికాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి వెలుగుతున్న బల్బు ఇప్పుడు ఇచ్చే కాంతి చాలా మసకగా ఉంటుంది. దాని కింద కూర్చొని ఎవరూ చదువుకోలేరు. పైగా ఆనాటి వస్తువుల్లో పాడైనవి ఎప్పుడో చెత్తలోకి పోయాయి, మిగిలిన గట్టివి మాత్రమే మన కళ్ల ముందున్నాయి. అయినా ఒకప్పుడు స్క్రూ ఉన్న చోట ఇప్పుడు జిగురు ఉంటోందన్న మీ ఆవేదన న్యాయమైనదే, దాని గురించి కొనేవారంతా గట్టిగా అడగవలసిందే.

ఎల్‌ఈడీ బల్బులో సాధారణంగా ముందు పోయేది కాంతినిచ్చే చిప్పు కాదు, దానికి విద్యుత్తునందించే సర్క్యూటు. అందులో విద్యుత్తును కొద్దిసేపు నిల్వచేసే కెపాసిటరు అనే భాగం వేడికి ఎండిపోతుంది; వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. గాలి ఆడని మూసిన డోములో మామూలు ఎల్‌ఈడీ బల్బును బిగించకండి.

ప్రశ్న: పదేళ్ల వారంటీ ఉన్నదాన్ని కొనమంటారా, రెండేళ్లదైనా చాలా?

జవాబు: సంవత్సరాలకంటే ముందు ఆ వారంటీ దేనికి వర్తిస్తుందో చదవండి. పెద్ద అక్షరాల్లో కనిపించే పదేళ్లు చాలాసార్లు మోటారుకో కంప్రెసరుకో మాత్రమే పరిమితమవుతాయి. అవి మామూలుగానే ఎక్కువ కాలం పనిచేసే భాగాలు. తరచూ పోయే సర్క్యూటు బోర్డు, సీలు, పైపులు, తలుపు రబ్బరు మొదటి ఏడాదో రెండేళ్లో దాటగానే మీ ఖర్చులోకి వస్తాయి. మెకానిక్ రాకపోకలకు, పనికి విడిగా డబ్బు తీసుకుంటారా అన్నది కూడా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. మొత్తం పరికరానికి వర్తించే మూడేళ్ల వారంటీ, ఒక్క మోటారుకు ఇచ్చే పదేళ్ల వారంటీకంటే విలువైనది. అదనపు డబ్బు తీసుకుని పొడిగించే వారంటీలు చిన్న పరికరాలకు అనవసరం. ఆ మొత్తాన్ని మరమ్మతుల కోసం పక్కన పెట్టుకోండి. బిల్లు మీద సిరా కొన్నాళ్లకు వెలిసిపోతుంది కాబట్టి కొన్న రోజే ఫోటో తీసి, పరికరం వెనుక ఉండే మోడల్ సంఖ్యను కూడా దానితోపాటు భద్రపరచండి.