పోయిన ఏడాది పోయినవాళ్ళు

సందేహం: మా కావలిలో రిటైరైనవాళ్ళం కొందరం కలిసి, ఏటా డిసెంబరు నెలాఖరున ఆ సంవత్సరం చనిపోయిన ప్రముఖులను తలుచుకుంటూ చిన్న సభ జరుపుకుంటాం. 2024కి రామోజీరావు, యామినీ కృష్ణమూర్తి, సీతారాం ఏచూరి, రతన్ టాటా, జాకిర్ హుస్సేన్, మన్మోహన్ సింగ్ ఫొటోలతో ఫ్లెక్సీ వేయించాం. అందరి పేర్ల ముందూ 'స్వర్గీయ' అని పెట్టాం. సభలో ఒకాయన లేచి "ఏచూరికి స్వర్గమేందయ్యా?" అని పట్టుకున్నాడు. "పోనీ, దివంగత అని మారుద్దాం" అన్నారు ఇంకొకరు. ఏది సరైన మాట? అట్లాగే, వర్ధంతి అంటే వృద్ధి చెందడం కదా, చావుకి ఆ మాట ఎట్లా అతుక్కుంది? ఫ్లెక్సీ ఫొటో పంపుతున్నాను, చూడగలరు.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

సమాధానం: మాస్టారూ, లేచినాయన అడిగింది న్యాయమే. ఆయన తరఫున నేను ఇంకాస్త వాదిస్తాను. ఏచూరి పనిచేసిన సీపీఎం పార్టీకి మొట్టమొదటి ప్రధాన కార్యదర్శి మన అలగానిపాడు పుచ్చలపల్లి సుందరయ్య. సొంత పేరులోంచి 'రెడ్డి'ని తీసి పక్కన పెట్టిన మనిషి. 1985లో ఆయన పోయినప్పుడు ఎవరైనా 'స్వర్గస్థులైనారు' అని కరపత్రం వేసివుంటే, పంచకముందే ఆయన వెంట నడిచినవాళ్ళు చించి పారేసి ఉండేవాళ్ళు. ఏచూరి దేహాన్ని ఇంటివాళ్ళు ఢిల్లీ ఎయిమ్స్‌కు, వైద్య విద్యార్థుల చదువు కోసం ఇచ్చేశారు. చితి లేదు, కర్మ లేదు. ఆయన విషయంలో 'అంత్యక్రియలు ముగిశాయి' అని రాసినా తప్పే. బతికినంతకాలం స్వర్గాన్ని నమ్మనివాణ్ణి, నోరెత్తి కాదనలేని స్థితిలో ఉన్నాడు గదా అని అక్కడికి పంపడం మర్యాద కాదు.

'దివంగత' అందామన్న రెండో ఆయన మాత్రం ఒక గుంట తప్పించుకొని దాని పక్కనున్న గుంటలోనే కాలు పెట్టారు. దివం అంటే స్వర్గమే. దివంగతుడు అంటే స్వర్గానికి పోయినవాడు. పత్రికల్లో నాయకుల పేర్ల ముందు పడీపడీ ఆ మాట అరిగిపోయింది. అందులో స్వర్గం ఉందని ఇప్పుడెవరికీ తట్టదు, కాబట్టి ఎవరైనా వాడితే నేను తగాదా పెట్టుకోను. కానీ స్వర్గం వద్దనుకొని మార్చేటప్పుడు మళ్ళీ స్వర్గాన్నే తెచ్చుకోవడం దేనికి? అన్నట్టు, మన తెలుగు మాట 'పోవడం' ఎంత తటస్థంగా ఉందో చూడండి. గతం అన్నా పోయినదే. పోయిన ఏడాది, పోయిన మనిషి, ఇద్దరికీ ఒకటే మాట. ఎక్కడికి పోయాడో చెప్పదు. ఆ జోలి తనది కాదు.

తక్కిన మాటలకు ఎవరి గడప వాళ్ళదే. పరమపదించడం వైష్ణవులది. పరమపదమంటే వైకుంఠం. శివైక్యం, లింగైక్యం శైవులవి. ఒంగోలు చుట్టుపక్కల క్రైస్తవుల సమాధుల తోటలో రాళ్ళ మీద 'ప్రభువునందు నిద్రించెను' అని కనిపిస్తుంది. నాకు ఆ 'నిద్రించెను' చాలా ఇష్టం. ముస్లింలు పోయినవాళ్ళ పేరు ముందు 'మర్హూం' అంటారు, దేవుడి దయ పొందినవాడని. ఆయా ఇళ్ళలో ఆ మాటలకు నిండుదనం ఉంది. ఆరుగురినీ ఒకే ఫ్లెక్సీ మీద వరసగా నిలబెట్టినప్పుడు ఒకరి ఇంటి మాటను అందరికీ తొడగడమే ఇబ్బంది.

అందుకు మన దగ్గర చక్కటి మాట ఉంది, మీకూ తెలిసిందే: కీర్తిశేషులు. కీర్తి మాత్రమే శేషంగా గలవారు. మనిషి పోయాడు, పేరు మిగిలింది, అంతే. స్వర్గం ఊసు లేదు, నరకం ఊసు లేదు. పార్సీ రతన్ టాటాకూ సరిపోతుంది, సిక్కు మన్మోహన్ సింగ్‌కూ సరిపోతుంది, కమ్యూనిస్టుకూ సరిపోతుంది. మాటలో ఒక షరతు మాత్రం ఉంది, కీర్తి ఉండాలి. మీ ఆరుగురికీ ఆ కొరత లేదు. మీ సభలో రామోజీరావు గారి పేరెత్తగానే ఎవరో ఒకరు దూబగుంట ఆడవాళ్ళ సారా వ్యతిరేక పోరాటాన్నీ, ఆ రోజుల్లో ఈనాడు దానికోసం పేజీలు కేటాయించడాన్నీ ఎత్తుకొని ఉంటారు. అదే శేషమంటే. మరి పెళ్ళి శుభలేఖలో 'కీ.శే.' అని వేసుకునే తాతగారి సంగతేమిటి అంటారా? ఆయన కీర్తి ఆ ఇంటి వరకు ఉంటే చాలు. శుభలేఖ కూడా ఆ ఇంటిదే గదా.

యామినీ కృష్ణమూర్తి గారికి కీర్తిశేషురాలు అనవచ్చు, గౌరవార్థంలో కీర్తిశేషులు అన్నా తప్పులేదు. 'కీ.శే. శ్రీ' అని రెండూ కలిపి వేయకండి. బతికున్నవాళ్ళకు శ్రీ, పోయినవాళ్ళకు కీ.శే. అన్నది మన అలవాటు. ఇది వ్యాకరణం కాదు, వాడుక మర్యాద.

ఇక వర్ధంతి. మీ అనుమానానికి గట్టి ఆధారమే ఉంది. 'వృధ్' అనే ధాతువుకు పెరగడమనే అర్థం. వర్ధిల్లడం, వర్ధమాన రచయిత, అన్నీ ఆ కొమ్మవే. పైగా కన్నడంలో వర్ధంతి అంటే పుట్టినరోజు. శృంగేరిలో జగద్గురువుల వర్ధంతి అని ఉత్సవం చేస్తారు, అది వారి జన్మదినోత్సవం. ఆ ఆహ్వానం తెలుగువాడి చేతిలో పడితే గుండె జారుతుంది, ఎప్పుడు పోయారా అని! అదే మాట మనకు చనిపోయిన రోజైంది. పుట్టినరోజుకు మనం జయంతి అంటున్నాం.

ఇది తెలుగువాళ్ళ అజ్ఞానమని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను అట్లా అనుకోను. మా అమ్మ వంటింట్లో బియ్యం అయిపోతే ఏనాడూ అయిపోయాయని అనలేదు, నిండుకున్నాయి అనేది. డబ్బా అడుగున గింజ లేదు, మాట మాత్రం నిండుగా ఉండేది. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. మెడలో నల్లపూసల దండ తెగితే తెగిందని అనరు, పెరిగింది అంటారు. చేతి గాజు చిట్లినా పెరిగిందనే. మా అమ్మ గాజు ఒకసారి రుబ్బురోలు పొత్రానికి తగిలి ముక్కలైతే, చిన్నవాణ్ణి, "గాజు పగిలింది" అని అరిచాను. పిండి చేత్తోనే నా నోరు మూసి, "పెరిగింది అనాల నాయనా" అంది. ఆ పిండి చల్లదనం ఇప్పటికీ పెదాల మీద ఉన్నట్టే ఉంటుంది. చెడ్డ సంగతికి పెరుగుదల పేరు పెట్టడం ఈ నేల మీద ఆడవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పని. వర్ధంతిని కూడా నేను ఆ వరసలోనే కలుపుతాను: పోయిన రోజుకు పెరుగుదల పేరు. కాబట్టి తెలుగులో వర్ధంతి తప్పు కాదు, నిశ్చింతగా వాడండి. 'వర్ధంతి శుభాకాంక్షలు' అని వాట్సాప్‌లో పూలగుత్తితో పంపేవాళ్ళను మాత్రం క్షమించనక్కర్లేదు. మీ సభను వర్ధంతి సభ అనడం కుదరదు. అది తేదీని బట్టి ఏటా ఒక్కొక్కరికి జరిగేది. మీది సంస్మరణ సభ.

క్రియల గురించి మీరు అడగలేదు కానీ, పనిలో పనిగా రెండు మాటలు. 2020 సెప్టెంబరు 25 మధ్యాహ్నం నేను నెల్లూరు ట్రంకురోడ్డులో ఒక టీ బంకు దగ్గర ఉన్నాను. గాజు గ్లాసు కడుగుతున్న కుర్రవాడు ఫోన్ చూసి, "బాలు పోయినాడంట సామీ" అన్నాడు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గురించి మర్నాడు పేపర్లలో తుదిశ్వాసలు, గాన గంధర్వులు, దివికేగిన స్వరాలు, ఎన్నో చదివాను. ఒక్కటీ ఆ 'పోయినాడు'కు సాటి రాలేదు. బాలు తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని వేదపాఠశాలకోసం కంచి మఠానికి అప్పగించింది కూడా ఆ ఏడాదే. ఊరు ఊరంతా ఆయన్ని ఏకవచనంలోనే పిలుచుకుంది. అందులో అగౌరవం వెతికితే మనకే తెలుగు రాదని లెక్క. సభలో పెద్దవాళ్ళ గురించి 'మరణించారు', 'కన్నుమూశారు' చాలు.

'అమరజీవి'ని మాత్రం కాస్త పొదుపుగా వాడండి. మన జిల్లాలో ఆ మాట ఒక్కటే అంటే పక్కన పేరు అక్కర్లేదు, పొట్టి శ్రీరాములు గారే. ఆయన పోయింది 1952 డిసెంబరు 15న. జాకిర్ హుస్సేన్ పోయిందీ డిసెంబరు 15నే, శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఆ రాత్రి ఆయన పోయారని వార్త పాకింది, ఇంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నారు, చివరికి నిజమేనని తెలిసింది. ఈలోగా సంతాపాలు ప్రకటించినవాళ్ళు తీసేసుకోవడం, మళ్ళీ పెట్టడం, అంతా టెన్షన్. తబలామీద వేళ్ళతో కాలాన్ని అణువణువూ కొలిచిన మనిషి వార్త ఇట్లా తాళం తప్పడం చూసి మనసు చివుక్కుమంది.

మీ ఫ్లెక్సీ ఫొటో పెద్దది చేసి చూశాను. మన్మోహన్ సింగ్ గారి బొమ్మ కింద 'అకాల మరణం' అని ఉంది. ఆయనకు 92 ఏళ్ళు. ఆ రెండు మాటలూ తీసేయించండి. రతన్ టాటా కింద 'మహాభినిష్క్రమణం' అని ఉంది. అది సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళిపోయిన రాత్రికి పేరు. ఆ తరవాత ఆయన 50 ఏళ్ళకు పైగా బతికాడు. చనిపోవడానికి బౌద్ధులు వాడే మాట మహాపరినిర్వాణం, అదీ ముఖ్యంగా బుద్ధుడికి. మాట బరువుగా ఉంది గదా అని ఎత్తుకుంటే ఇట్లాగే అవుతుంది. 'ఘన నివాళి' బాగానే ఉంది. నివాళి అంటే పూర్వం హారతే, పెళ్ళికూతురికి పట్టేది కూడా నివాళే. ఇప్పుడది పోయినవాళ్ళకే మిగిలింది.

చివరిగా, అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉన్నది 'శ్రద్దాంజలి'. ద కింద ధ వత్తు రావాలి, శ్రద్ధాంజలి. ఫ్లెక్సీ షాపుల్లో అన్నిటికన్నా ముందు పోయేవి వత్తులే. ఈసారి ప్రింటు కొట్టకముందు ప్రూఫ్ వాట్సాప్‌లో పెట్టమనండి, నాకు పంపినా చూసిపెడతాను.