ప్రతి కథకీ ఓ బొమ్మ చేయించాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. బాబుకి 7 ఏళ్లు, పాపకి 4. ఇద్దరికీ ఇంట్లోనే చదువు చెబుతున్నాను. ఏ కథ చదివినా దానికి తగ్గ క్రాఫ్ట్ ఒకటి చేయించాలని నియమం పెట్టుకున్నాను. పిల్లలు పడుకున్నాక కాగితాలు కత్తిరించుకుంటూ కూర్చుంటే అర్ధరాత్రి దాటుతోంది. ఈమధ్య పుస్తకం తీయగానే బాబు "మళ్లీ అంటించాలా?" అని లేచిపోతున్నాడు. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు "కత్తెరా జిగురుతో చదువులొస్తాయా?" అంటున్నారు. మావారు పైకి ఏమీ అనరు గానీ బడిలో వేసేద్దామన్న ఆలోచనలో ఉన్నారు. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది అత్తగారి మాట కన్నా బాబు మాట. వాడికి విసుగొచ్చింది కథతో కాదు, కథ అయ్యాక మీదపడే పనితో. ఇలాగే సాగితే ఆ విసుగు పుస్తకం మీదికి మళ్లుతుంది. అందుకని ఓ నెలపాటు క్రాఫ్ట్ పూర్తిగా ఆపేయండి. పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి, అంతే. ఇంకోటి చదవమంటే చదవండి. చాలు అంటే మూసేయండి.

ఇంకో సంగతి గమనించారా? రాత్రి మీరు కత్తిరించి పెట్టిన ముక్కల్ని పొద్దున మీరు చూపించిన చోట వాడు అంటిస్తున్నాడు. ఏం చేయాలో ఊహించడం, కొలత చూసుకోవడం, పాడైతే మళ్లీ మొదలుపెట్టడం, వీటన్నిటినీ మీరే చేసేశారు. వాడి వంతుకు మిగిలింది జిగురొక్కటే.

నెల తర్వాత మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఎరిక్ కార్ల్ తనే బొమ్మలు వేసి రాసిన గొంగళిపురుగు పుస్తకం, 'ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్', తీయండి. 1969లో వచ్చిన ఆ పుస్తకం మీ ఊరి లైబ్రరీలో తప్పక ఉంటుంది. దానికి క్రాఫ్ట్ అనగానే గుడ్ల అట్టపెట్టె కత్తిరించి ఆకుపచ్చ రంగు వేయించడం మామూలు. దానికి బదులు, ఆ బొమ్మలు ఎలా పుట్టాయో పిల్లలకు చెప్పండి. ఆయన పల్చటి టిష్యూ కాగితాలకు ముందు రంగులు పూసి, ఆరాక వాటిలోంచి ఆకారాలు కత్తిరించి అంటించేవారు. ఇందులో మొదటి సగం పాపకు సరిగ్గా సరిపోతుంది. స్పాంజితో అద్దుతుందో, పాత దువ్వెనతో గీస్తుందో దాని ఇష్టం. రెండో సగం మర్నాడు బాబుది. గొంగళిపురుగు బదులు రాకెట్ కత్తిరించుకున్నా అడ్డు చెప్పకండి. ఆ కథలో పురుగు సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు పియర్ పళ్లు తింటుంది కదా. మన పురుగు సోమవారం ఒక ఇడ్లీ, మంగళవారం రెండు గారెలు తింటే ఎలా ఉంటుందని అడిగి చూడండి. వాడికి సరదా పుడితే కాగితాలకు పంచింగ్ మిషన్‌తో కన్నాలు వేసుకుంటూ సొంత పుస్తకం తనే కుట్టుకుంటాడు. అందులోనే తెలుగు వారాల పేర్లు, కూడికలు, రాత అన్నీ వచ్చేస్తాయి.

ఇక అత్తగారు. ఆవిడ మాటలో నాకు వినిపించింది ఎత్తిపొడుపు కన్నా మనవడు వెనకబడిపోతాడేమోనన్న దిగులు. వాదించకండి. మధ్యాహ్నం కాఫీలయ్యాక "అత్తయ్యా, పిల్లలకి ఏడు చేపల కథ చెప్పరూ" అని అడగండి. కథ విన్నాక పిల్లల చేత అట్టతో ఏడు చేపలు చేయించి, నీళ్లలో ముంచి, పెరట్లో తాడుకి క్లిప్పులతో తగిలించమనండి. ఒక చేపకి మాత్రం ఎండ తగలకుండా పెద్ద అట్టపెట్టె అడ్డం పెట్టించండి, అదే గడ్డిమోపు. మీ ఎండకి ఆరు చేపలు తొందరగానే ఆరిపోతాయి. ఏడోది ఎందుకు ఎండలేదో బాబు తడిమి చూసి నానమ్మకి తనే చెప్తాడు. ఆవు మేయలేదు, పాలేరు మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు అంటూ చీమ దాకా ఆ వరసని చీటీల మీద రాసి కలిపేసి, మళ్లీ సర్దమంటే అది ఏడేళ్లవాడికి మంచి పరీక్షే. చీమని పాపకి వదిలేయండి, బొటనవేలి ముద్ర వేసి ఆరు కాళ్లు గీస్తుంది. ఆ పూట చదువు చెప్పింది నానమ్మ అవుతుంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ వారానికో కథ ఆవిడకే అప్పగించండి.

మీవారి మౌనం గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. బొమ్మలు చేసినంత మాత్రాన చదవడం, లెక్కలు వాటంతట అవే రావు. ఈ రెండిటికీ రోజూ కొంతసేపు విడిగా, నాగా లేకుండా కేటాయించాలి. అది జరగకపోతే ఆయన బెంగ న్యాయమైనదే. జరుగుతుంటే ఆయన కళ్లకి కనపడనివ్వండి. శనివారం బాబు నాన్నకి ఓ పేజీ చదివి వినిపిస్తే చాలు.

చట్టం సంగతి కూడా కూర్చుని మాట్లాడుకోండి. టెక్సస్‌లో ఇంటి చదువుని ప్రైవేటు బడిగానే చూడాలని 1994లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం మాత్రం రాతపూర్వక పాఠ్యప్రణాళికతో నిజంగా నేర్పాలి. రేపు ఇండియా తిరిగి వచ్చేస్తే ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది. 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలు అందులో ఉన్నాయి, 14 ఏళ్లు నిండితే పదో తరగతి పరీక్ష రాయొచ్చు.

ఇవన్నీ తెలిశాక కూడా ఆయన బడే మేలంటే, దగ్గర్లో ఉన్న బడికి ఇద్దరూ కలిసి వెళ్లి చూసి రండి. బాబునీ వెంట తీసుకెళ్లండి. బడిలో వేసినంత మాత్రాన మీరు ఓడిపోయినట్టు కాదు, సాయంత్రం కథలు ఎలాగూ మీవే. తప్పు చేస్తున్నానా అని అడిగారు. లేదమ్మా, పిల్లలు చేసుకోవాల్సిన పని కూడా మీరే చేసేస్తున్నారు, అంతే. ఈ రాత్రి నుంచి ఆ కత్తెర పక్కన పెట్టి వేళకి పడుకోండి.