పొగ ఎప్పుడొస్తోందో చూడకుండా ఇంజిన్ దించొద్దు

చిరంజీవి అల్లుడికి,

విజయవాడ పటమట నుంచి మావయ్య ఆశీస్సులు.

బండి సైలెన్సర్ నుంచి పొగ వస్తోందని నువ్వు పంపిన వీడియో చూశాను. కార్బ్యురేటర్ మారుతి 800, మూడు సిలిండర్లు, 796 సీసీ. శ్రద్ధగా చేస్తే నిలబడే ఇంజినే అది. ఆటోనగర్‌లో ఒకాయన పొగ చూడగానే "బోరు పోయింది, ఇంజిన్ దించాల్సిందే" అన్నాడని రాశావు. అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయిందని. నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ ఒక్క పరీక్ష కూడా చేయకుండా అన్న మాట అది. ఒకసారి ఇంజిన్ దించి విప్పారంటే పొగ ఎప్పుడు, ఎలా వస్తోందో చూసే అవకాశం ఉండదు. అనుమానం ఉన్నవన్నీ మార్చుకుంటూ పోవాలి, డబ్బు ఖర్చవుతుంది, పొగ మళ్లీ రావచ్చు.

బండి చాన్నాళ్లు షెడ్డులో పడుందన్నావు కదా. అలా నిలబడిపోయిన ఇంజిన్లో పిస్టన్ రింగులు (పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్‌ను పైకి రానివ్వని రింగులు) మసితో గాడిలోనే బిగుసుకుపోవచ్చు. అందుకని ముందు టైమింగ్ బెల్టు, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ మార్పించు. మాన్యువల్లో చెప్పిన గ్రేడు ఆయిలే పోయించు. చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గినట్టు కనిపిస్తుంది, రోగం లోపలే ఉంటుంది. డిప్‌స్టిక్ మీద పై గీత దాటనివ్వకు, ఆయిల్ ఎక్కువైనా పొగే. తర్వాత పొద్దున్నే మంగళగిరి మీదుగా గుంటూరు దాకా హైవేలో నింపాదిగా కొన్నిసార్లు తిప్పు. బిగుసుకున్న రింగులు వదులై పొగ తగ్గిపోయిన బండ్లు నేను చూశాను.

అప్పటికీ వస్తుంటే రంగు చూడు. ఫోన్ కెమెరాను నమ్మకు, ఎండలో నువ్వే వెనక నిలబడి చూడు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. ఎయిర్ ఫిల్టర్, చోక్ పూర్తిగా తెరుచుకుంటుందా లేదా, కార్బ్యురేటర్లోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్, ఈ మూడూ చూస్తే చాలావరకు సరిపోతుంది. పొల్యూషన్ టెస్టులో సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్, ఎంతొచ్చిందో అడుగు. ఇలాంటి పాత పెట్రోల్ కార్లకు 3 శాతం పరిమితి, దాటితే మిక్శ్చర్ (పెట్రోలు, గాలి పాళ్లు) సంగతి చూడాలి.

తెల్లపొగతో మాత్రం జాగ్రత్త. చలికాలం పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు వచ్చి పోయేది నీటి ఆవిరి, దాంతో ఇబ్బంది లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ, దాని పైనుండే హెడ్డుకీ మధ్య సీలు) పోయినట్టే. ఇక బండి నడపకు. హెడ్డు అల్యూమినియంది, వేడికి వంగుతుంది. గాస్కెట్ ఒక్కటే మార్చి బిగిస్తానంటే ఒప్పుకోకు. హెడ్డు మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, సన్నటి రేకుల ఫీలర్ గేజితో వంపు కొలవమను. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత జోలికి మాత్రం వెళ్లకు.

నీ బండిది నీలంపొగ అనిపిస్తోంది, అంటే ఆయిల్ కాలుతోంది. ఇక్కడే తొందరపడి మోసపోతారు. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని ఆగిపోతోందా? బెంజ్ సర్కిల్ సిగ్నల్లో నిలబడి కదిలేటప్పుడు వస్తోందా? అయితే వాల్వ్ సీల్స్ (వాల్వుల పక్కనుంచి ఆయిల్ కారకుండా ఆపే చిన్న సీళ్లు) మీద అనుమానం పెట్టుకో. రూఢి చేసుకోవాలంటే కొండపల్లి ఖిల్లా ఘాట్ ఎక్కు. దిగేటప్పుడు సెకండ్ గేర్లో యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి రా. కిందకొచ్చాక ఒక్కసారి తొక్కి, వెనక బండిలో ఉన్న స్నేహితుణ్ని చూడమను. దిగినంతసేపూ ఇంజిన్ వ్యాక్యూమ్ (లోపలికి పీల్చే బలం) వాల్వ్ గైడ్ల (వాల్వులు కదిలే గొట్టాల) పక్కనుంచి ఆయిల్ లాగుతుంది, తొక్కగానే అది కాలి బయటికొస్తుంది. అలా కాకుండా లోడు మీద తొక్కుతున్నంతసేపూ పొగ ఆగకుండా వస్తే, ఐడిల్‌లో ఆయిల్ మూత తీసినప్పుడు ఆవిరి దడదడా తోసుకొస్తే, రింగులు, బోరు. కానీ పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి తీసే వాల్వ్) మూసుకుపోయినా క్రాంక్‌కేసులో, అంటే ఇంజిన్ కింది భాగంలో, ప్రెజర్ పెరిగి అచ్చం అలాగే ఉంటుంది. అది చిన్న సామాను. దాన్నీ, దాని గొట్టాన్నీ ముందు శుభ్రం చేయించు.

ఆ తర్వాత కంప్రెషన్ టెస్టు, అంటే ఒక్కో సిలిండర్లో ప్రెజర్ ఎంత వస్తోందో గేజితో కొలవడం. ప్రాజెక్ట్ బండి పెట్టుకున్నవాడికి గేజి సొంతంగా ఉండాలి, పానా సెట్టు ఎంత అవసరమో ఇదీ అంతే. ఇంజిన్ వేడిగా ఉండగా మూడు ప్లగ్గులూ తీసెయ్. ఏ సిలిండర్‌ది ఏ ప్లగ్గో గుర్తుపెట్టుకో, ఆయిల్‌తో తడిసినది ఎక్కడ చూడాలో చెబుతుంది. ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, ఒక్కో సిలిండర్‌కీ సూది పెరగడం ఆగేదాకా సెల్ఫ్ కొట్టించు. రీడింగులు రాసుకో. తర్వాత ప్రతి సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలువు. తక్కువున్న సిలిండర్లో రీడింగ్ బాగా పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్. మొదటిసారే మూడూ బాగుండి, దగ్గర దగ్గరగా ఉంటే బోరు పోయిందన్న మాట నమ్మక్కర్లేదు.

సీల్సే అని తేలితే గైడ్లలో ఆట (వదులు) ఎంతుందో కూడా చూపించు. గైడ్ అరిగి ఉంటే కొత్త సీల్ కొన్ని నెలల్లో మళ్లీ పోతుంది. బోరే అయితే బ్లాకు నేరుగా లేత్ షాపుకి ఇవ్వకు. ముందు బోరు గేజితో పైన, మధ్యలో, కింద, రెండు వైపులా కొలిపించు. అరుగుదల తక్కువైతే హోనింగ్ (బోరు లోపల సన్నగా రుద్దడం) చేసి కొత్త రింగులు వేస్తే సరిపోతుంది. ఎక్కువైతే ఓవర్‌సైజ్ పిస్టన్లు చేతికొచ్చాకే, వాటిని కొలిచి ఆ కొలతకే బోరు కొట్టమను. పిస్టన్లు తర్వాత చూసుకుందాం అనే షాపులో పని ఒప్పుకోకు.

ఇంకో విషయం. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తాగే పాత బండిని నేనైతే విప్పను. ఆయిల్ పోసుకుంటూ, లెవెల్ చూసుకుంటూ నడుపుతాను. లీటరు దాటితే అప్పుడు పని పెట్టుకుందాం.

కంప్రెషన్ రీడింగులు, రెండు సార్లవీ, ప్లగ్గుల ఫొటోలతో పంపు. లేత్ షాపుకి వెళ్లాల్సి వస్తే నేనూ వస్తాను, ఒక్కడివే వెళ్లకు. అమ్మని అడిగానని చెప్పు.

నీ మావయ్య