జింక పొదల్లో దూరాక అరగంట ఆగితే చాలదు, ముందు బాణం వాసన చూడండి

"విల్లుతో కొట్టిన జింక పడిపోకుండా చిక్కటి పొదల్లోకి వెళ్లిపోతే ఎంతసేపు ఆగాలి, ఎలా వెతకాలి?" అని అడిగారు. పైన ఒకాయన "అరగంట ఆగి వెళ్లండి, దొరుకుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఒకప్పుడు నేనూ అదే అనుకున్నాను. ఆ అరగంట నాకు ఎంత పని చేసిందో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ముందు ఒక మాట. నేను చెప్పేది అమెరికాలో లైసెన్సు తీసుకుని, సీజన్‌లో వేటాడే వైట్‌టెయిల్ (తెల్లతోక) జింకల సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అక్కడ జింక జోలికి వెళితే జైలే. ఇది చదివి ఎవరూ ఉత్సాహపడకండి.

నవంబరు మొదటి వారం, సాయంత్రం. చెట్టుకు కట్టిన మంచె మీద నేను, ఓ రెండు వందల గజాల అవతల ఇంకో మంచె మీద మా బావమరిది. వెలుగు ఇంకో ఇరవై నిమిషాలు ఉంటుందనగా ఒక ఆడజింక వచ్చి, 22 గజాల దూరంలో నాకు అడ్డంగా నిలబడింది. ఇంతకంటే మంచి అవకాశం రాదనుకుని నారి వదిలాను. సరిగ్గా అప్పుడే అది ముందుకు ఒక అడుగు వేసింది. ఒక్క అడుగే. తడి గోనెసంచిని కర్రతో కొట్టినట్టు బోలుగా ఒక చప్పుడు. జింక ఎగిరి దూకలేదు, వెనక కాళ్లు విసరలేదు. వీపు గూనిలా వంచి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని, కడుపునొప్పి వచ్చిన మనిషిలా మెల్లగా నడుచుకుంటూ పొదల్లోకి పోయింది.

ఇప్పుడు ఎవరైనా నాకు ఈ నాలుగు మాటలు చెబితే ఇంకేం వినను, "పొట్టలో తగిలింది, ఇంటికెళ్లి పడుకో" అంటాను. ఆ రోజు మాత్రం గుండె దడలో నాకేమీ ఎక్కలేదు. కిందికి దిగి చూస్తే బాణం జింకలోంచి దూసుకుపోయి మట్టిలో గుచ్చుకుని ఉంది. టార్చి వేస్తే ఎర్రగా కనబడింది. ఎర్రగా ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. మా వాడు పరిగెత్తుకొచ్చి, "బావా, ఈపాటికి పడిపోయే ఉంటుంది, పద" అన్నాడు. "ఉండరా కాసేపు" అని నలభై నిమిషాలు ఆపాను. ఆ నలభై నిమిషాలకే నేనేదో తపస్సు చేసినట్టు ఫీలయ్యాను.

నూట ఇరవై గజాలు కూడా వెళ్లలేదు. ముందున్న ముళ్లపొదలో దబదబమని చప్పుడు, ఎండుకొమ్మలు ఫటఫట విరిగిన శబ్దం, అంతే. పడుకున్నదాన్ని లేపాం. అది పడుకున్న చోట ఆకులు నలిగి ఇంకా వెచ్చగా ఉన్నాయి, మధ్యలో అరచేతి వెడల్పున నల్లటి నెత్తురు. అక్కడి నుంచి ముందుకు ఒక్క చుక్క లేదు.

నాకు విల్లు పట్టడం నేర్పిన పెద్దాయన ఒకరున్నారు, డెబ్బై దాటాయి. ఆయనకి ఫోన్ చేశాను. ఎంత దూరంలో కొట్టావు, ఎంత పెద్ద జింక, ఇవేవీ అడగలేదు. బాణం వాసన చూశావా అన్నాడు, అంతే. వెనక్కి వెళ్లి చూశాను. ఈకల దగ్గర ఆకుపచ్చగా, జిగటగా, సగం అరిగిన గడ్డి తాలూకు పులుపు కంపు. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే తెలిసిపోయే కంపు. ఫోన్‌లో చెప్పగానే ఆయన, ఇంకొక్క అడుగు కూడా ముందుకు వేయొద్దు, వచ్చిన దారినే చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోండి, పొద్దున ఎనిమిదింటికి వస్తాను అని పెట్టేశాడు.

అసలు విషయం ఇక్కడుంది. తూటాలా బాణం దెబ్బ అదురుతో చంపదు, పదునైన అంచులతో కోసి నెత్తురు కారేలా చేసి చంపుతుంది. రెండు ఊపిరితిత్తుల్లోంచి పోతే జింక నిమిషంలోపే పడిపోతుంది, నెత్తురు లేత ఎరుపులో నురగ నురగగా ఉంటుంది, అప్పుడు అరగంట ఆగితే చాలు. చిక్కగా ముదురు ఎరుపులో ఉంటే కాలేయం, నాలుగు నుంచి ఆరు గంటలు. ఆకుపచ్చగా ఉండి కంపు కొడితే పొట్ట, పేగులు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. వెంట ఎవరూ పడకపోతే దెబ్బ తిన్న జింక చాలాసార్లు కాస్త దూరం పోయి పడుకుంటుంది, అక్కడే ప్రాణం విడుస్తుంది. లేపామా, భయంతో మైలు దూరమైనా పోతుంది. పైగా పొట్టలో తగిలిన గాయానికి కొవ్వో పేగో అడ్డుపడి నెత్తురు బయటికి రావడమే ఆగిపోతుంది. అందుకే ఎంతసేపు ఆగాలన్నది మీ ఓపికను బట్టి కాదు, బాణం చెప్పినదాన్ని బట్టి ఉంటుంది. వాన వచ్చేలా ఉంటే జాడ కడుక్కుపోతుందని కొందరు తొందరపడతారు. నా మట్టుకు, పొట్ట దెబ్బయితే వానలో కూడా ఆగాల్సిందే. జాడ పోయినా దగ్గరలో పడుకున్న జింకను గాలించి పట్టుకోవచ్చు, లేపి తరిమేసినదాన్ని ఎక్కడని వెతుకుతాం?

ఇంటర్నెట్‌లో వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బాణం తగలడం స్లో మోషన్‌లో మూడుసార్లు చూపిస్తారు, తర్వాత "కట్" అని జింక పక్కన నవ్వుతూ ఫొటో. మధ్యలో ఉన్న పన్నెండు గంటలు ఏమయ్యాయి? ఇంకో రకం ఉన్నారు, అరవై గజాల నుంచి కొట్టామని గొప్పలు చెప్పేవాళ్లు. 1969లో హాలిస్ ఆలెన్ అనే ఆయన కాంపౌండ్ విల్లుకు పేటెంట్ తెచ్చుకున్నప్పటి నుంచి దానికున్న గిలకల పుణ్యమా అని నారిని లాగి పట్టుకునే బరువు తగ్గింది. అరవై పౌన్ల విల్లును పూర్తిగా లాగాక పన్నెండు పౌన్ల బరువే పట్టి ఉంచేలా చేసేవి ఇప్పుడు మామూలు. చేయి వణకదు కాబట్టి అందరికీ తాము అర్జునులమని నమ్మకం. కానీ చప్పుడు సెకనుకు సుమారు 1,100 అడుగులు పోతుంది, బాణం 300 దాటడమే గొప్ప. నారి చప్పుడు ముందే జింక చెవిలో పడుతుంది, అది పరుగెత్తడానికి ఒళ్లు కిందికి కుంగదీస్తుంది. అరవై గజాల్లో దానికి దొరికే సమయం దాదాపు అర సెకను. 22 గజాల్లోనే ఒక్క అడుగు నా కొంప ముంచింది.

సరే, పొద్దున. పెద్దాయన వచ్చాడు, చేతిలో విల్లు లేదు. ఒక టాయిలెట్ పేపర్ రోల్, గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ నింపిన స్ప్రే సీసా, అంతే సరంజామా. మా బావమరిది నవ్వాపుకోలేక అటు తిరిగాడు. గంట తిరిగేసరికి ఆ నవ్వు పోయింది. శరత్కాలపు మేపుల్ ఆకుల మీద సహజంగానే ఎర్ర మచ్చలుంటాయి, ప్రతి ఆకూ నెత్తుటి చుక్కలాగే కనిపిస్తుంది. అనుమానం వచ్చినచోట ఆయన సీసా నొక్కుతాడు, నెత్తురైతే తెల్లగా నురగ లేస్తుంది, మచ్చయితే ఏమీ కాదు. చుక్క దొరికిన ప్రతిచోటా కొమ్మకు చిన్న కాగితం ముక్క చుడతాడు. చుక్కలు ఆగిపోయినప్పుడు ముందుకు చూడడు, వెనక్కి తిరిగి కాగితాల వరుస చూస్తాడు. జింక ఎటు పోతోందో ఆ గీత చెబుతుంది.

నేను నేల చూస్తున్నాను, ఆయన నేల చూడనే లేదు. మోకాలికి కాస్త పైన, ముళ్లకొమ్మల పక్కలు చూస్తున్నాడు. జింక ఒళ్లు రాసుకుంటూ పోయిన ఎత్తు అది. కారే నెత్తురు లేకపోయినా పూసిన నెత్తురు అక్కడ దొరికింది, వేలిముద్రంత గోధుమరంగు మరక. పొదలోకి పాక్కుంటూ వెళ్లాం. పై నుంచి గోడలా కనబడే ఆ తుప్పల్లో కింద జింక ఎత్తున చక్కటి సొరంగాలున్నాయి, మనం నిలబడి చూస్తాం కాబట్టి ఆ దారులు కనబడవు. మోచేతులు రెండూ చీరుకుపోయాయి. ఒక దగ్గర ఎడమ పక్కకి రెండు కాగితాలు కట్టాక ఆయన ఆగి, చాలాసేపు వాలు వైపు చూసి, నీళ్లెటు ఉన్నాయి అన్నాడు. పొట్టలో దెబ్బ తిన్నదానికి దాహం ఎక్కువట.

కింద వాగు పక్కన, పడిపోయిన చెట్టు మానుకు ఆనుకుని దొరికింది. మేం లేపిన చోటుకి దాదాపు ఏడువందల గజాల దూరం. రాత్రి కయోటీలు (నక్కల్లాంటి అడవి జంతువులు) మా కంటే ముందే వచ్చి వెళ్లాయి, ఒక తొడ లేదు. పొట్ట పక్క మాంసమంతా పాడయింది, భుజాలు, వీపు మాత్రం మిగిలాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కత్తి నా చేతికిచ్చి మానుమీద కూర్చున్నాడు. అదే తిట్టు.

మీరడగలేదు కానీ, లేపేశాక జాడ పూర్తిగా పోతే కుక్కను పిలవండి, పరువు తక్కువనుకోకండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తాడు కట్టిన కుక్కతో వెతకడానికి ఒప్పుకుంటారు, మీ దగ్గర రూలేమిటో సీజన్‌కు ముందే చూసుకోండి. జర్మనీలో విల్లుతో వేట నిషేధం, అయినా తుపాకీ దెబ్బ తిన్న జంతువును వెతకడానికే హనోవేరియన్ హౌండ్ లాంటి జాతుల్ని తయారుచేసుకున్నారు. విల్లుతో వేట క్రూరం అని కింద కామెంట్లో వాదిస్తున్నవాళ్లతో నేను గొడవ పెట్టుకోను, నా మొదటి జింక విషయంలో వాళ్లు చెప్పింది నిజమే. కానీ ఆ క్రూరత్వం విల్లు వల్ల వచ్చింది కాదు, నలభై నిమిషాల వల్ల వచ్చింది.

మా బావమరిది ఈ ఏడు సొంతంగా విల్లు కొంటానంటున్నాడు. ముందు ఒక సీజనంతా టాయిలెట్ పేపర్ పట్టుకుని పెద్దాయన వెనక నడువు, తర్వాత చూద్దాం అన్నాను. మూడు వారాలైంది, ఫోన్ ఎత్తడం లేదు.