చదునైన కోనసీమలో 89 డిగ్రీల వాలు ఎందుకొస్తోందంటే

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో స్లోప్, అంటే నేల వాలు, తీస్తే అమలాపురం చుట్టూ అంతా 89 డిగ్రీలు వస్తోంది, సోలార్ ప్లాంటుకు ఒక్క ఎకరం కూడా మిగలడం లేదు అన్నారు కదా. టెన్షన్ పడకండి, డేటా బాగానే ఉంది. మీ ఎత్తుల రాస్టర్‌లో, అంటే గడి గడికీ ఎత్తు రాసి ఉన్న మ్యాప్‌లో, దూరాలు డిగ్రీల్లో ఉన్నాయి, ఎత్తు మాత్రం మీటర్లలో ఉంది. సాఫ్ట్‌వేర్ రెండూ ఒకే కొలత అనుకుని, మీటరు గట్టును కూడా నిలువు గోడ చేసేస్తుంది. రాస్టర్‌ని దూరాలు కూడా మీటర్లలో ఉండే యూటీఎం 44ఎన్ పద్ధతిలోకి (సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644) వార్ప్ చేసి, అంటే మార్చి, మళ్లీ స్లోప్ తీయండి.

అయినా అండీ, డెల్టాలో స్థలం ఎంచుకునేటప్పుడు వాలుకి ఎక్కువ మార్కులు వేయడం దండగ. అంతరిక్షం నుంచి ఎత్తులు కొలిచిన ఎస్ఆర్‌టీఎం రాడార్ దట్టమైన కొబ్బరి తోటలో నేల దాకా సరిగ్గా చేరదు, చెట్ల ఎత్తు కూడా నేల ఎత్తులో కలిసిపోతుంది. నేనూ ఒకసారి మ్యాప్‌లో మెరక చూసి సంబరపడి వెళ్తే, అక్కడున్నది కొబ్బరి మట్టలు!

ఇక్కడ అసలు తేల్చేది నీరే. 2022 జులై గోదావరి వరదప్పటి సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహ చిత్రాలు దించుకోండి. మబ్బులున్నా పర్లేదు, నిలిచిన నీరు నల్లగా కనిపిస్తుంది. ఊడ్పులకు నీళ్లు పెట్టిన చేలు కూడా నల్లగానే ఉంటాయి కాబట్టి, వరదకు ముందు చిత్రం పక్కన పెట్టుకుని పోల్చండి. లంక భూములు ఆలోచించకుండా తీసేయండి. వరి చేలు, చేపల చెరువులు కూడా పోగా మిగిలిన వాటిలో మెగావాటుకి సుమారు 4, 5 ఎకరాలు ఒకే చెక్కగా ఉన్నవి ఏరి, సబ్‌స్టేషన్ దూరం అప్పుడు చూడండి.